లాభం, రెండు, మూడు

రాజాం,
2015 జూలై 12

అక్కకు,

నీ తమ్ముడు కృపారావు వందనాలు. ప్రభువు దయ వల్ల ఇక్కడ మేం నలుగురం బాగున్నాం. నీ మోకాళ్ళ సంగతి పోయిన ఉత్తరంలో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఫోనులో ఎంత అరిచినా నీకు వినబడదు, పక్కింటి బుల్లమ్మ చేత చెప్పిద్దామంటే ఆవిడ సగం తన కవిత్వం కలుపుతుంది. అందుకే కాగితం పట్టుకున్నాను. మిల్లులో కాటా దగ్గర బస్తాల బరువులు రాసీ రాసీ నా చేతిరాత కోడి కెలికినట్టయింది, నవ్వకుండా చదువు.

ముందు మంచి మాట. ప్రిస్కిల్లాకి నాలుగో నెల. షాలిని పుట్టిన ఏడేళ్ళకి మళ్ళీ. పోయిన ఏడాది మా అత్తగారు తవిటమ్మ పోయాక మామగారు గంగులు మా దగ్గరే ఉంటున్నారు కదా, ఈ కబురు విన్నాక ఆయన కూడా కాస్త తేరుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. షాలిని లెక్కల్లో మొండికేసింది. వాళ్ళ టీచరు శైలజ గారు నన్ను బడికి పిలిపించి కాగితం చూపించింది. మూడుకి నాలుగు కలిపితే ఏడు అని వేసింది. దాని కిందే నాలుగుకి మూడు కలపమని ఉంది. అక్కడ ఖాళీ. ప్రతి జంటలోనూ అంతే, మొదటిది చేస్తుంది, తిప్పి ఇచ్చినది వదిలేస్తుంది. ఎందుకే అంటే తల దించుకుంటుంది. తక్కిన పిల్లలకి తేరగా వచ్చే మార్కులు ఇదొక్కతే పోగొట్టుకుంటోంది. అర్ధసంవత్సర పరీక్షలోనూ ఇలాగే చేస్తే రెండో తరగతి నుంచి తీసి మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెడతామన్నారు.

దానికి బుర్ర లేదంటే నేను నమ్మను. నువ్వు ముప్పై ఏళ్ళు మిషన్ బడిలో పిల్లలకి కూడికలు నేర్పినదానివి. ఏం చెయ్యమంటావో రాయి.

నీ తమ్ముడు,
కృపారావు


పాతపట్నం,
2015 జూలై 21

ఒరే తమ్ముడూ,

ప్రిస్కిల్లా కబురు చదివి బుల్లమ్మకి చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది, ఏదో అంది కూడా, నాకేం తెలుస్తుంది. జ్వరంలో పోయిన చెవులు ఇంక రావు. ఆదివారం గుళ్ళో పక్కవాళ్ళ నోళ్ళు మూసుకుంటే పాట అయిందనుకుని కూర్చుంటున్నాను. ఇంట్లోకి ఎవరైనా వచ్చి భుజం తడితే తప్ప తెలియదు. మోకాళ్ళ సంగతి అడిగావు కదా, అవి చెవుల కంటే నయం.

షాలినికి బుర్ర లేదని ఎవరన్నారు? లేనిది నీకు, ఓపిక. దెబ్బ వేశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి నీ చెవి మెలిపెడతాను. ఇది చాలా మంది పిల్లలకి వచ్చే చిక్కే. పై తరగతుల్లో దీన్నే స్థిత్యంతర ధర్మం అని పెద్ద పేరు పెట్టి చెబుతాం. రెండు అంకెల్లో ఏది ముందు పెట్టి కలిపినా మొత్తం మారదు, అంతే సంగతి.

చింతపిక్కలు తీసుకో. ఎడమవైపు మూడు, కుడివైపు నాలుగు పెట్టు. ఎడమ నుంచి లెక్కపెట్టించు. పిక్కల్ని కదపకుండా పిల్లని అటువైపు కూర్చోబెట్టి మళ్ళీ లెక్కపెట్టించు. అవే పిక్కలు, అదే ఏడు. నవ్వేస్తుంది చూడు. నా చేతుల మీద అలా నవ్విన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు.

ప్రిస్కిల్లాని బరువులు ఎత్తనివ్వకు. గంగులు గారికి నా వందనాలు చెప్పు.

నీ అక్క,
జ్ఞానసుందరి


రాజాం,
2015 ఆగస్టు 9

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పిక్కలు పెట్టాను, అటు కూర్చోబెట్టాను. అది లెక్క కూడా పెట్టలేదు. ఏడేనని చెప్పేసింది. ఎటు నుంచైనా ఏడేనని తనకి తెలుసట. మరి ఎందుకు రాయవే అంటే, రెండు వేళ్ళతో ఈ చివరి పిక్కనీ ఆ చివరి పిక్కనీ ముట్టి చూపించింది.

"ఏడే నాన్నా. కానీ లాభం మారిపోనాది కదా."

నీకు అర్థం కాదేమో, చెబుతాను. మామగారు మొన్నమొన్నటి దాకా కళ్ళాల్లో కుంచంతో ధాన్యం కొలిచిన మనిషి. కొలిచేవాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, శుభమని లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా పోతుంది పాట. ఆయన కొలిచే కళ్ళాల్లో ఆ లాభం కుంచాన్ని రాశిలో కలపరు, పక్కకి పోస్తారు. వెనకటి రోజుల్లో అది కళ్ళానికే వదిలేసేవారట. మన వాళ్ళు దాన్ని కోతపండగకి గుడికి పంపుతారు. ఎలాగైనా అది ఇంటికి రాదు. షాలినికి అంకెలు తాత దగ్గరే వచ్చాయి. దాని లెక్కలో ముందు నిలబడ్డది వెళ్ళిపోతుంది. మూడు ముందుంటే ఇటు చివరిది పోతుంది, నాలుగు ముందుంటే అటు చివరిది. మొత్తం ఏడే, కానీ పోయేది వేరు. తిప్పి రాస్తే ఇంకొకటి కూడా పోతుందని దాని భయం.

నేను నవ్వాను అక్కా. తర్వాత నవ్వు రాలేదు. ఆ సాయంత్రం ప్రిస్కిల్లా కోళ్ళని గూట్లో పెడుతూ పైకి లెక్కపెట్టింది, చుక్కల పెట్టతో మొదలుపెట్టి. షాలిని వెళ్ళి ఆ పెట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, అన్నానికి పిలిచినా రాలేదు. తెల్లారేసరికి గూట్లో చుక్కల పెట్ట లేదు. గూడు తలుపు వేసిందే, గడియ పెట్టిందే. ముంగిసకి గడియ తియ్యడం రాదు కదా.

అప్పుడు పిల్ల ఇంకో మాట చెప్పింది. పోయిన ఏడాది ఉజ్జీవ సభలకి ఆటోలో వెళ్ళినప్పుడు ఆటో అబ్బాయి అంచున కూర్చున్న అమ్మమ్మతో మొదలుపెట్టి మమ్మల్ని లెక్కపెట్టాడట. నాకు గుర్తు లేదు. మా అత్తగారు పోయింది ఆ వారంలోనే, అది మాత్రం గుర్తుంది.

కృపారావు


పాతపట్నం,
2015 ఆగస్టు 18

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. బాప్తిస్మం తీసుకున్న ఇంట్లో ఇదేం మాట? తవిటమ్మ గారికి గుండె జబ్బు, డాక్టరు ముందే చెప్పాడు. కోడికి జబ్బో, దొంగో. గూటి గడియ తియ్యడం దొంగకి రాదా?

నాకు ఒకటే అర్థమైంది. ఆ పెద్దాయన భార్య పోయిన దిగులుతో పసిదాని చెవిలో ఏవేవో పోస్తున్నారు. ఆయన మంచివారే, కాదనను. కానీ పిల్ల చదువు పాడవుతోంది, కడుపుతో ఉన్న మనిషి బెదిరిపోతోంది. ఎచ్చెర్లలో ఆయన కొడుకు లక్ష్ముడు ఉన్నాడు కదా, పురుడు అయ్యేదాకా అక్కడ ఉండమను. ఆ కుంచం కూడా పట్టుకెళ్ళమను.

నేను కటువుగా రాశాననిపిస్తే అనిపించనీ. పిల్ల పక్షాన ఎవరో ఒకరు మాట్లాడాలి.

జ్ఞానసుందరి


రాజాం,
2015 నవంబరు 20

అక్కా,

ఇన్నాళ్ళూ రాయలేదు. నీ మీద కోపంతోనే రాయలేదు, దాచను.

నీ ఆగస్టు ఉత్తరం వచ్చినప్పుడు నేను మిల్లులో ఉన్నాను. మామగారికి చదువు రాదు, అత్తయ్య ఏం రాసిందో చదవమని షాలినికి ఇచ్చారట. అది కూడబలుక్కుని మొత్తం చదివి వినిపించింది, కుంచం పట్టుకెళ్ళమన్న దాకా. నేను ఇంటికి వచ్చేసరికి ఆయన సంచి సర్దుకుని అరుగు మీద కూర్చున్నారు. ఎంత బతిమాలినా వినలేదు. వెళ్ళే ముందు నాతో ఒక్కటే అన్నారు.

"నాను సెప్పనేదు బాబూ. నాను దాన్నం కొలిసినాను గానీ మనుసులని ఎప్పుడూ కొలవనేదు. ఆ గుంటే, మన షాలినే నాకు సెప్పినాది."

ఈ నెల మొదట్లో ఆశా కార్యకర్త వచ్చింది, కాన్పుకి ముందు ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాసుకోవడానికి. ఆయనని అలా పంపేశానన్న బాధ నా మనసులో ఉంది, పెద్దవారు కదా అని ముందు ఆయన పేరే చెప్పాను. మా మామగారు గంగులు, తర్వాత నేను, ప్రిస్కిల్లా, షాలిని. షాలిని పరుగున వచ్చి నా నోరు మూసింది. దాని అరచెయ్యి మంచుముక్కలా ఉంది. అప్పటికే నేను నలుగురి పేర్లూ చెప్పేశాను.

రెండు రోజులు తిరక్కుండా లక్ష్ముడి ఫోను. ఎవరివో వడ్లు బస్తాలకి ఎత్తుతుంటే చూస్తానని కళ్ళం గట్టు మీద కూర్చున్నారట. మిట్టమధ్యాహ్నం, చుట్టూ జనం. ఎవరో పిలిచినట్టు లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, ఇక లేవలేదు.

ఇప్పుడు షాలిని అన్నం తినదు. రోజూ ఒకటే అడుగుతుంది, ఆసుపత్రిలో ముందు ఎవరిని లెక్కపెడతారని, అమ్మనా, పాపనా అని. ఒకటీ ఒకటీ రెండే కదమ్మా, ఎటు తిప్పినా ఒకటే కదా అన్నాను, నువ్వు చెప్పినట్టే.

"అదే బయం నాన్నా. ఒకటీ ఒకటీ తిప్పితే తిప్పినట్టు కూడా తెలీదు."

నేను దేన్నీ నమ్మేవాణ్ణి కాదు, నీకు తెలుసు. నిన్న మిల్లులో లారీ పక్కన నిలబడ్డ కూలీలని లెక్కపెట్టబోయి ఎవరితో మొదలుపెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయాను. ప్రిస్కిల్లాకి తొమ్మిదో నెల. నాకు భయంగా ఉంది అక్కా.

కృపారావు


పాతపట్నం,
2015 నవంబరు 28

నా తమ్ముడికి,

గంగులు గారి కబురు చదివి పొయ్యి ముట్టించలేదు. ఆయన నన్ను ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అన్నా బాగుండేది.

ఇన్ని రోజులూ షాలినికి ఏం జవాబు చెప్పాలా అని కూర్చున్నాను. ఒక్క సంగతిలో ఆ పిల్లదే నిజం. ఏది ముందు పెట్టినా మొత్తం మారదని మాత్రమే మనం నేర్పుతాం. ముందు నిలబడ్డదాని గతి ఏమిటని ఏ పుస్తకమూ చెప్పదు, ఏ పిల్లా నన్ను అడగలేదు. దీన్ని మొద్దు అన్నవాళ్ళని నా ముందుకి తీసుకురా.

అయితే దాని లెక్కతోనే దానికి జవాబు ఉంది. ఎవరితో మొదలుపెట్టినా మొత్తం మారనప్పుడు, నాతో ఎందుకు మొదలుపెట్టకూడదు? నేను మాత్రం ఇంటి మనిషిని కానా? ఇంటి ఆడపడుచుని. ముందు అత్తయ్య, తర్వాత నువ్వు, ప్రిస్కిల్లా, షాలిని, పాప. అయిదుగురం. పాపతో మొదలుపెట్టినా అయిదుగురమే. కాబట్టి నాతో మొదలుపెట్టమను. ఇది టీచరమ్మగా నేను ఇస్తున్న ఇంటిపని అని చెప్పు. ఆసుపత్రిలో ఎవరైనా నోరు తెరిచేలోగా తనే పైకి లెక్కపెట్టెయ్యాలి.

నువ్వు దీన్ని పెద్దది చెయ్యకు. పిల్ల భయానికి ఇది మందు, అంతే. నేను వినబడని చెవులతో గోడలు చూస్తూ కూర్చున్న ముసలిదాన్ని, నాకు ఏమవుతుంది. దానికి అన్నం పెట్టు ముందు.

నీ అక్క,
జ్ఞానసుందరి


రాజాం,
2015 డిసెంబరు 5

అక్కా,

ఎల్లుండి ప్రిస్కిల్లాని ఆసుపత్రిలో చేరుస్తున్నాం. హడావిడిలో కార్డు ముక్క రాస్తున్నాను. నీ ఉత్తరం షాలినికి చదివి వినిపించాను. ఆ రోజే రెండుసార్లు అన్నం అడిగి తింది. పడుకునే ముందు వచ్చి, "అత్తయ్యకి తెలిసే రాసినాదా?" అని అడిగింది. తెలిసే రాసిందన్నాను. సరే అని వెళ్ళి పడుకుంది.

తెలిసే రాశావా అక్కా?

కృపారావు


పాతపట్నం,
2015 డిసెంబరు 9, మధ్యాహ్నం

తమ్ముడూ,

నీ కార్డు ఇప్పుడే అందింది. చేతిలో పని అవగానే జవాబు రాద్దామనుకున్నాను, ఇంతలో ఒకటి జరిగింది. మరిచిపోకముందు అదే ముందు రాస్తాను.

వాకిట్లో చాపమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఎండ బాగా కాస్తోంది. ఎదురుగా బుల్లమ్మ చేట పట్టుకుని ఏదో మాట్లాడుతోంది, ఆవిడ పెదాలు కదులుతున్నాయి, ఎప్పటిలాగే నాకేం వినబడలేదు. అప్పుడు వినబడింది. నా వెనక, తలుపు దగ్గర. షాలిని గొంతు.

లాభం, అంది.

రోడ్డు మీద ఒడిశా లారీ హారను కొట్టినా తెలియని దాన్ని. గంట కొట్టినట్టు విన్నాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కాసేపాగి రెండు అంది. మూడు, నాలుగు. బుల్లమ్మని నీకేమైనా వినబడిందా అని అడిగాను, లేదని తల ఊపింది. అయిదు అన్నాక ఆగిపోయింది. ఆ అయిదు వెనకాల పసిబిడ్డ ఏడుపు.

అయిదు దాకా వచ్చింది కాబట్టి బిడ్డ పుట్టిందని నాకు తెలిసిపోయింది. మీరంతా ఉన్నారనీ తెలిసింది. ప్రభువుకి స్తోత్రం. నీ ఫోను వచ్చేదాకా ఆగక్కర్లేదు.

భయం వేసింది, ఎందుకు అబద్ధం. చేతిలో బియ్యం చాపమీద పడిపోయాయి. కానీ ఎన్నాళ్ళకో ఒక పిల్ల లెక్క అప్పజెబుతుంటే విన్నాను. తప్పు లేకుండా చెప్పింది. షాలినికి నేను నూటికి నూరు వేశానని చెప్పు. నీ కార్డులో అడిగావు కదా, రాసినప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. అయినా అదే రాస్తాను.

బుల్లమ్మ పోస్టాఫీసు వైపు వెళుతోంది, ఈ ఉత్తరం ఆవిడకి ఇస్తాను. షాలిని గొంతు మళ్ళీ అంటోంది, లాభం అని. ఈసారి బాగా దగ్గరగా.

నీ అక్క


రాజాం,
2016 జనవరి 22

అక్కా,

నువ్వు లేవని తెలిసీ నీ చిరునామాకే రాస్తున్నాను. ఇలాంటివి చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు.

ఆ రోజు మధ్యాహ్నం నర్సు బయటికి వచ్చి ఆడపిల్ల, తల్లీబిడ్డా బాగున్నారని చెప్పింది. మీరు ఎంతమంది అని అడుగుతూ మా వైపు వేలు చూపబోయింది. షాలిని గోడవైపు తిరిగి పైకి లెక్కపెట్టేసింది, నీ పేరుతో మొదలుపెట్టి. నేను వింటూనే ఉన్నాను. ఆపలేదు అక్కా. అటువైపు నా భార్య, నా బిడ్డ ఉన్నారు. ఆపలేకపోయాను.

సాయంత్రం బుల్లమ్మ ఫోను చేసింది. పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి నువ్వు గుమ్మంలో కూర్చుని ఉన్నావట, తల ఒక పక్కకి వంచి, ఎవరి మాటో వింటున్నట్టు. పాతపట్నంలో నీ కార్యం ముగించుకుని ఇల్లు చేరాక నీ చివరి ఉత్తరం అందింది.

షాలిని పరీక్షలో అన్ని జంటలూ నింపింది. ఒక్కటీ ఖాళీ వదల్లేదు. పిల్లకి అర్థమైపోయిందని శైలజ గారు పొంగిపోయింది. ఇక కింది తరగతికి పంపరు. పిల్ల ఆ కాగితం ఇంటికి తెచ్చి నా ఒళ్ళో పడేసి వెక్కివెక్కి ఏడ్చింది.

నిన్న పాపకి నెలన్నర టీకా వేయించాం. టీకాలయ్యాక ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, ఇంట్లో ఎంతమంది అని కొత్తగా రాసుకుంది. షాలిని నా మొహంలోకి చూసింది. దాని నోరు తెరుచుకోకముందే నేను చెప్పాను, ముందు నా పేరు రాయండమ్మా అని. నిదానంగా చెప్పాను. కృపారావు. తర్వాత ప్రిస్కిల్లా, షాలిని, పాప. ఎన్నాళ్ళకో నా గుండెల మీద బరువు దిగింది. షాలిని వచ్చి నా చెయ్యి పట్టుకుంది, కళ్ళ నిండా నీళ్ళు. నేనే ముందు, నాకు అది చాలు.

ఆ కార్యకర్త జాగ్రత్తగల మనిషి. ఒకసారి సరిచూసుకుంటానండీ అని, పెన్ను కింది పేరు మీద పెట్టి, కింది నుంచి పైకి లెక్కపెట్టింది.

"పాప, షాలిని, ప్రిస్కిల్లా, మీరు. నలుగురే. సరిపోయింది."

ఎటు నుంచైనా నలుగురమే అక్కా. పాపకి నిన్న సాయంత్రం నుంచి ఒళ్ళు కాలిపోతోంది. టీకా వేస్తే జ్వరం రావడం మామూలేనని ఆవిడ ముందే మందు చుక్కలు ఇచ్చి వెళ్ళింది. మామూలే అయి ఉంటుంది. షాలిని ఉయ్యాల కర్ర పట్టుకుని కూర్చుంది, లేవదు. దాని చెయ్యి మళ్ళీ చల్లబడింది.

ముప్పై ఏళ్ళు నేర్పినదానివి. ఏది ముందైనా ఒకటేనని ఒక్క ముక్క రాయి.

కృపారావు